తగ్గింపు ధరలో గేమింగ్ ల్యాప్‌టాప్: కొనవచ్చునా?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడి, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ దగ్గరపడే మాసాలలో మా వద్దకు వచ్చే తల్లిదండ్రుల ప్రశ్నలు మారిపోతాయి. అంతవరకు జకాత్ లెక్కల గురించి, వారసత్వపు వాటాల గురించి అడిగినవారు సెల్‌ఫోన్ తెర మీద ఒక ల్యాప్‌టాప్ బొమ్మ చూపి, "మౌలానా గారూ, ఇది తీసుకోవచ్చునా?" అంటారు. బొమ్మ కింద రెండు ధరలు ఉంటాయి. అడ్డగీత కొట్టిన ధర 84,990 రూపాయలు, దాని పక్కనే పెద్ద అంకెలలో 54,990. ఈ రాత్రితో ఆఫరు ముగిసిపోతుందని చెప్పే గడియారం ఒకటి నిమిషాలు తగ్గించుకుంటూ పోతూ ఉంటుంది. పిల్లవాడు తల్లి వెనుక నిలబడి మా ముఖంలోకి చూస్తుంటాడు.

ఇది ఫత్వా అడగవలసిన విషయం కాదు. అయినా ఒక సామాన్య కుటుంబం ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్ము ఒక్క రాత్రిలో చేయి దాటిపోయే విషయం గనుక తెలిసినంతవరకు చెప్పక తప్పదు. మా పూర్వ విద్యార్థులలో కంప్యూటర్ల మరమ్మతుతో జీవనం సాగించేవారు ఉన్నారు. వారి బల్లల దగ్గర కూర్చొని, విప్పిన యంత్రాలను చూసి, అడిగి తెలుసుకొన్న సంగతులనే ఇక్కడ రాస్తున్నాము.

కొట్టివేసిన ధర

ముందుగా ఆ గీత కొట్టిన ధర సంగతి చూద్దాం. పెట్టె మీద అచ్చువేసే గరిష్ఠ చిల్లర ధర ఒక పైకప్పు మాత్రమే. అంతకు మించి అమ్మరాదని చట్టం చెబుతుంది. ఆ ధరకు ఎవరైనా ఏనాడైనా కొన్నారని మాత్రం దాని అర్థం కాదు. 84,990 నుండి 54,990కి తగ్గితే 35 శాతం తగ్గింపు అంటారు. కాని అదే వస్తువు గత ఆరు నెలలుగా 56,000, 57,000 మధ్య అమ్ముడవుతూ ఉంటే నిజమైన తగ్గింపు ఒకటి రెండు వేలే. ఒక వస్తువు ధర నెలనెలా ఎలా మారిందో చూపే వెబ్‌సైట్లు ఉన్నాయి, మన పిల్లలకు అవి మనకన్నా బాగా తెలుసు. ఆఫరు చూపించిన పిల్లవాడినే ఆ చరిత్ర కూడా చూపించమనాలి. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్నవారు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఒక పూట వెళ్లి, అదే మోడల్ నంబరు చెప్పి నాలుగు దుకాణాలలో ధర అడిగితే చాలా భ్రమలు తొలగిపోతాయి.

మోడల్ నంబరు అని ఎందుకంటున్నామంటే, ఒకే పేరు గల ల్యాప్‌టాప్ పది రకాలుగా అమ్ముడవుతుంది. పైకి డబ్బా ఒకటే, లోపలి సరుకు వేరు. చివరి అక్షరం వరకు నంబరు కలిస్తేనే రెండు ధరలను పోల్చాలి.

మరొక మాట. భారీ తగ్గింపు సాధారణంగా పాత సరుకుకే దక్కుతుంది. అందులో మోసమేమీ లేదు, కొత్తది వస్తున్నప్పుడు పాతదాన్ని ఖాళీ చేసుకోవడం వ్యాపార ధర్మమే. పాతదని తెలిసి, పాతదాని వెల చెల్లిస్తే కొన్నవారికీ లాభమే. తెలియక కొత్తదాని వెల చెల్లిస్తేనే నష్టం. ఎన్విడియా సంస్థ ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డును ల్యాప్‌టాప్‌లలోకి తెచ్చింది 2021లో. ఆర్‌టీఎక్స్ 4050 వచ్చింది 2023లో. పెట్టె మీద తయారీ లేదా దిగుమతి నెల, సంవత్సరం కూడా ఉంటాయి. ధర చదివిన కళ్లతోనే ఆ తేదీ కూడా చదవాలి.

'గేమింగ్' అనే పేరు

ఈ పదం వినగానే మన ఇళ్లలోని పెద్దలు రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు అదేదో ఆటవస్తువనుకొని కోపగించుకుంటారు. మరికొందరు, ఖరీదైనది గనుక చదువుకు మరింత మంచిదేమో అనుకుంటారు. రెండూ సరికావు.

గేమింగ్ ల్యాప్‌టాప్ అంటే విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు, దాని వేడిని బయటకు తోసే పెద్ద ఫ్యాన్లు, ఆ రెండింటికీ చాలినంత విద్యుత్తు ఇచ్చే బరువైన ఛార్జరు ఉన్న యంత్రం. బొమ్మలను వేగంగా గీయడం ఆ కార్డు పని. ఆ బొమ్మ ఆటలోని కారు కావచ్చు, భవనం నమూనా కావచ్చు, వీడియో ఎడిటింగ్ కావచ్చు. కార్డుకు తేడా తెలియదు. అదే సమయంలో, సి భాషలో, పైథాన్‌లో పాఠాలు నేర్చుకొనే విద్యార్థికి, బీకాం చదివే అమ్మాయికి, న్యాయశాస్త్ర విద్యార్థికి ఆ కార్డు దాదాపు నిద్రపోతూనే ఉంటుంది. దాని బరువు మాత్రం ప్రతిరోజూ వారి భుజం మీద ఉంటుంది.

ఒకే పేరు, వేర్వేరు బలం

బోరుబావి మోటారు కొనేటప్పుడు మన రైతు సోదరుడు కంపెనీ పేరుతో సరిపెట్టుకోడు. ఎన్ని హార్స్‌పవర్ అని అడుగుతాడు. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డులో ఆ ప్రశ్నకు సమానమైనది 'ఎన్ని వాట్లు' అన్నది. ఇదే ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, దుకాణాలలో అన్నిటికన్నా తక్కువగా వినిపించేది కూడా ఇదే.

ఆర్‌టీఎక్స్ 3050 అనే ఒకే పేరు మీద 35 వాట్ల నుండి 80 వాట్ల వరకు వాడుకొనే కార్డులు ఉన్నాయి. ఆర్‌టీఎక్స్ 4050 అయితే 35 నుండి 115 వాట్ల వరకు. ఎంత వాడుకోవాలన్నది ల్యాప్‌టాప్ తయారుచేసే సంస్థ నిర్ణయిస్తుంది. సన్నగా, చౌకగా చేసిన డబ్బాలో ఎక్కువ వేడిని చల్లార్చే ఏర్పాటు ఉండదు గనుక అందులో కార్డుకు కళ్లెం వేస్తారు. బయట అంటించే స్టిక్కరు మాత్రం రెండింటికీ ఒకటే. కళ్లెం వేసిన కొత్త కార్డు కన్నా స్వేచ్ఛగా పనిచేసే పాత కార్డు కొన్ని పనులలో ముందుండవచ్చు. అందుకే అమ్మకపు పేజీతో ఆగకుండా, తయారీ సంస్థ సొంత వెబ్‌సైటులో ఆ మోడల్ వివరాలు తెరిచి 'టీజీపీ' అనే మాట పక్కన ఎన్ని వాట్లు రాశారో చూడాలి. ఎక్కడా రాయలేదంటే తక్కువే ఉంటుందని అనుకోవడం క్షేమం.

ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టినప్పుడు లోపల తడి తగిలిన ఉదంతం మన పిల్లలందరికీ తెలుసు. జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన ఆ వర్తకుణ్ణి ప్రశ్నించారు. వాట్ల సంఖ్య నేటి రాశిలో అడుగున ఉన్న గింజ. దానిని పైన పెట్టడం అమ్మేవారి బాధ్యత. వారు పెట్టనప్పుడు చేయి పెట్టి చూడటం కొనేవారి పని.

కార్డుకు సొంత జ్ఞాపకశక్తి కూడా ఉంటుంది. తక్కువ ధర యంత్రాలలో అది తరచుగా 4 జీబీ. మామూలు ర్యామ్ తరువాత పెంచుకోవచ్చు, దీనిని పెంచుకోలేము. ఇప్పటి పెద్ద ఆటలకు, బరువైన త్రీడీ పనులకు 4 జీబీ ఇరుకవుతున్నది. ఇక ఆర్‌టీఎక్స్ 2050 అనే కార్డు సంగతి విచిత్రం. పేరును బట్టి పాత తరానిదనిపిస్తుంది గాని లోపలి చిప్పు 3050 తరానిదే. అయితే జ్ఞాపకశక్తికి వెళ్లే దారి దానిలో సగమే, అక్కడ 128 బిట్లు అయితే ఇక్కడ 64. రెండింటి ధరల మధ్య నాలుగైదు వేలే తేడా ఉంటే 2050 వైపు చూడనక్కరలేదు.

ప్రాసెసర్ల పేర్లలోనూ ఇటువంటి ముసుగే ఉన్నది. ఏఎండీ సంస్థ 2023లో తెచ్చిన రైజెన్ 7000 వరుసలో మూడవ అంకెను చూడాలి. 7520లో ఆ అంకె 2, అంటే లోపలి నిర్మాణం చాలా పాతది. 7535లో 3, 7840లో 4. మొదటి అంకె 7 అయినంత మాత్రాన అన్నీ ఒకే ఈడువి కావు. ఇంటెల్‌లో కోర్ ఐ5 అనే ఒకే పేరు కింద 12450హెచ్‌కు 8 కోర్లు, 12500హెచ్‌కు 12 కోర్లు. 'ఐ5 ఉంది చాచా' అని దుకాణంలో కుర్రవాడు అన్నప్పుడు 'ఏ ఐ5 నాయనా?' అని అడగడంలో తప్పులేదు.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. 8 జీబీతో ఇచ్చి ధర తగ్గించినట్టు చూపడం సాధారణం. తరువాత పెంచుకుందామనుకొంటే ర్యామ్ ధర ఎప్పుడూ ఒకేలా ఉండదు, 2025 చివర అది బాగా పెరిగింది కూడా. పైగా 8 జీబీ ఒకే కడ్డీగా ఉన్నప్పుడు యంత్రం ఒంటి చేత్తో పనిచేసినట్టు ఉంటుంది, రెండు కడ్డీలైతే రెండు చేతులతో చేసినట్టు. ఖాళీ స్లాటు ఉన్నదా, లేక ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారా అన్నది కూడా ముందే తెలుసుకోవాలి.

తెర దగ్గర కూడా పొదుపు చేస్తారు. ప్రకటనలో 144 హెర్ట్జ్ అని పెద్దగా రాస్తారు. అంటే బొమ్మ సెకనుకు 144 సార్లు మారుతుందని. చిన్నగా రాసే మాట '45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్లు'. ఆ తెర ప్రామాణిక రంగులలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే చూపగలదని, కిటికీ పక్కన కూర్చుంటే వెలవెలబోతుందని దాని భావం. రంగులతో పనిలేని విద్యార్థికి ఇది పెద్ద లోపం కాదు. డిజైనింగ్ నేర్చుకొనేవారికి మాత్రం, తెర మీద కనిపించిన ఎరుపు ఒకటి, అచ్చులో వచ్చే ఎరుపు మరొకటి అవుతుంది.

ఇద్దరు పిల్లలు

పేర్లు చెప్పకుండా రెండు ఇళ్ల సంగతి చెబుతాము. మొదటి ఇంట్లో తండ్రికి పంక్చర్ల దుకాణం, తల్లి బట్టలు కుడుతుంది. చీటీ పాడగా వచ్చినది 60,000 రూపాయలు. కుమారుడికి బీటెక్ కంప్యూటర్ సైన్సులో సీటు వచ్చింది. అక్క నర్సింగు చదువుతున్నది, రెండు నెలలలో ఆమె ఫీజు కట్టాలి. పైన చెప్పిన 54,990 ల్యాప్‌టాప్ కొంటే చేతిలో మిగిలేది 5,010 రూపాయలు.

మేము పిల్లవాణ్ణి విడిగా కూర్చోబెట్టి, మొదటి రెండేళ్లలో ఏమేమి నేర్పుతారో అడిగాము. సి, పైథాన్, డేటాబేస్ అని చెప్పాడు. వీటిలో దేనికీ విడి గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ఆ మాట వాడికీ తెలుసు. కాసేపటికి, "హాస్టల్లో అందరూ వాలరెంట్ ఆడతారు సార్" అన్నాడు. దాచకుండా చెప్పినందుకు సంతోషించాము. ఆ ఆట ఎటూ తేలికైనదే, విడి కార్డు లేని యంత్రంలోనూ నడుస్తుంది. చదువు పేరు చెప్పి ఆటల యంత్రం కొనిపించుకోవడం, ఆట కోసమని చెప్పి అడగడం ఒకటి కావు. రెండవదానికి తల్లిదండ్రులు సరేననవచ్చు, కాదనవచ్చు. మొదటిదానిలో వారికి ఆ అవకాశమే ఇవ్వడం లేదు.

చివరికి 16 జీబీ ర్యామ్ ఉన్న, విడి కార్డు లేని ల్యాప్‌టాప్ 43,000కు వచ్చింది. మిగిలిన 17,000 అక్క ఫీజులోకి వెళ్లాయి. పిల్లవాడు సంతోషించాడని మేము చెప్పలేము. పై సంవత్సరాలలో కృత్రిమ మేధ పాఠాలు వస్తాయి కదా అని వాదించాడు. అది సబబైన వాదనే. కాని ఆ అభ్యాసాలకు ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా గ్రాఫిక్స్ కార్డు వాడుకోనిచ్చే గూగుల్ కొలాబ్ వంటి సేవలు ఉన్నాయి. నిజంగా అవసరం వచ్చే మూడవ ఏటికి ఈనాటి 4 జీబీ కార్డు మరింత ఇరుకైపోతుంది కూడా.

రెండవ ఇంటి సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. అమ్మాయి ఆర్కిటెక్చర్ రెండవ సంవత్సరం. భవనం గీసి, అది కట్టాక ఎలా ఉంటుందో వెలుగునీడలతో సహా చూపించాలి. లూమియన్ వంటి సాఫ్ట్‌వేర్‌కు విడి గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. అన్న వాడి వదిలిన పాత ల్యాప్‌టాప్ ఆ పనికి చాలక, ప్రతి సబ్మిషన్‌కు ముందు ఆమె స్నేహితురాలి ఇంటికి వెళ్లి అర్ధరాత్రి దాకా కూర్చోవలసి వచ్చేది. ఇంట్లో గేమింగ్ ల్యాప్‌టాప్ మాట వచ్చేసరికి మేనమామ, "ఆడపిల్లకు ఆటల డబ్బా ఏమిటి?" అని నవ్వాడు. తండ్రి వెనక్కి తగ్గాడు.

ఆయనతో మేము అన్నది ఇంతే. దర్జీకి కుట్టుమిషను ఎటువంటిదో ఆ పిల్లకు ఇది అటువంటిది, పైన అంటించిన పేరు చూసి వద్దనవద్దు. 6 జీబీ కార్డు, తగినన్ని వాట్లు, 16 జీబీ ర్యామ్ ఉన్నది చూసి, ముందటి సంవత్సరపు మోడల్ అని తెలిసే తీసుకొన్నారు. తెర సాధారణమైనదే. రంగుల పనికి ఇంట్లోనే ఒక మానిటరు తగిలించుకొన్నది. ఈ ఇంటికి ఆ తగ్గింపు నిజమైన తగ్గింపే, ఎందుకంటే తగ్గించకపోయినా ఆ వస్తువు వారికి అవసరమే.

వాయిదాల మాట

'నో కాస్ట్ ఈఎంఐ' అనే పేరుతో నెలవారీ వాయిదాలు చూపుతారు. వడ్డీ లేదు కదా, తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. అసలు సున్నా శాతం వడ్డీ అనేది లేదని, అటువంటి పథకాలలో వడ్డీని మరుగుపరుస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. లెక్క ఇలా ఉంటుంది. వస్తువు ధర 60,000, నెలకు 10,000 చొప్పున ఆరు వాయిదాలు అనుకోండి. బ్యాంకు ఏడాదికి 15 శాతం వడ్డీ వేస్తే ఆరు నెలలలో అది సుమారు 2,540 రూపాయలు. ఆ మేరకు అమ్మేవారు ముందే ధర తగ్గించి బ్యాంకుకు 57,460 మాత్రమే అప్పుగా చూపుతారు. కొన్నవారు వడ్డీ కలిపి 60,000 కడతారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, అంటే మరో 457 రూపాయలు, బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము ఆపైన. రొక్కం ఇచ్చి కొన్నవారికి ఆ 2,540 తగ్గింపు దక్కదు.

కనుక వడ్డీ లేకపోవడం కాదు, వడ్డీని మరొకరు తీర్చినట్టు చూపడం ఇది. బ్యాంకు పత్రంలో అది వడ్డీ అనే పేరుతోనే ఉంటుంది, ఒక నెల ఆలస్యమైతే దాని మీద అపరాధ రుసుము కూడా పడుతుంది. ఈ మార్గం వద్దన్నదే మా మాట. తెలిసిన దుకాణదారుడే ధర ముందుగా ఖరారు చేసి, ఆలస్యానికి పెంచకుండా, తన సొంత వాయిదాలలో ఇస్తే అది వేరు. వాయిదాల ధర రొక్కపు ధరకన్నా ఎక్కువైనప్పటికీ, ఒప్పందం నాడే ఒకటిగా నిర్ణయించుకొంటే అధిక సంఖ్యాక ఫిఖహ్ పండితులు దానిని అనుమతించారు. అదీ కుదరకపోతే నాలుగు నెలలు ఆగవచ్చు. ఆఫర్లు స్వాతంత్ర్య దినోత్సవానికి వస్తాయి, దసరాకు వస్తాయి, మళ్లీ జనవరిలో వస్తాయి.

పెట్టె ఇంటికి వచ్చిన రోజు

కొనడానికి నిశ్చయించుకొన్నవారు మరికొన్ని ఖర్చులు కూడా ఎదురుచూడాలి. ఛార్జరుతో కలిపి బరువు మూడు కిలోల దగ్గరకు వస్తుంది. బ్యాటరీ 50 వాట్-అవర్లు అయితే మామూలు రాతపనికి నాలుగైదు గంటలు వస్తుంది. ఆటకో, త్రీడీ పనికో అంతకన్నా చాలా త్వరగా అయిపోతుంది, పైగా ప్లగ్గు తీయగానే యంత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద 180 వాట్ల ఛార్జరు రెండు సీలింగ్ ఫ్యాన్లకు మించిన భారం. మన ఎండాకాలంలో, రేకుల ఇంట్లో, పరుపు మీద పెట్టి వాడితే గాలి దారులు మూసుకుపోయి లోపలి వేడి 90 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఎన్ని వాట్ల కార్డయినా కుంటినడకే. గట్టి బల్ల మీద, వెనుక భాగం కొంచెం ఎత్తుగా ఉంచి వాడాలి. ఏడాదికొకసారి దుమ్ము తీయించాలి.

వస్తువు వచ్చిన రోజునే పెట్టె విప్పుతూ వీడియో తీయాలి. మార్పిడి గడువు చాలాచోట్ల వారం రోజులే గనుక ఆ వారంలో యంత్రాన్ని బాగా శ్రమపెట్టి చూడాలి. తెరలో చుక్కలు, తలుపు బందుల బిగువు, కీబోర్డు, ఫ్యాన్ల శబ్దం, ర్యామ్ ఎన్ని కడ్డీలు అన్నీ చూడాలి. 512 జీబీ అన్న చోట 476 కనిపిస్తే కంగారుపడవద్దు, అది లెక్కించే పద్ధతిలోని తేడా. సీరియల్ నంబరు తయారీ సంస్థ వెబ్‌సైటులో వేసి వారంటీ ఎప్పటి నుండి మొదలైందో చూడాలి. కొన్న తేదీకన్నా ముందే మొదలైనట్టు ఉంటే బిల్లు పంపి సరిదిద్దించుకోవాలి.

లోపం ఉండి, అమ్మినవారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం అమ్మినవారు ఏ రాష్ట్రంలో ఉన్నా, మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. అందుకు కావలసినది జీఎస్‌టీ బిల్లు. దాని కాపీ ఒకటి ఫోనులో, ఒకటి ఇంటి కాగితాల సంచిలో రేషన్ కార్డుతో పాటు ఉంచుకోవాలి. దుకాణంలో చిన్న మిషను మీద అచ్చువేసి ఇచ్చే నున్నటి కాగితమైతే దానిని ఆ రోజే జిరాక్స్ తీయించాలి. ఆ అక్షరాలు వారంటీ కన్నా ముందే వెలిసిపోతాయి.